లక్ష్మక్క లేని నాలుగు రోజులు

మెట్‌పల్లి చుట్టుపక్కల పసుపు వేసే ఏ రైతును అడిగినా 'పోశవ్వ ఇంజినీరింగ్ వర్క్స్'కు దారి చెప్తాడు. పసుపు ఉడికించే బాయిలర్లు ఆ షెడ్డులో తయారవుతాయి. ఇరవై రెండేళ్ల కిందట తల్లి పేరు పెట్టి దాన్ని మొదలుపెట్టినవాడు సిద్దిరాములు. సగం వాటా తమ్ముడు లక్ష్మణ్‌ది. లక్ష్మణ్ మస్కట్‌లో ఉంటాడు. అతని భార్య బాలలక్ష్మి పదకొండేళ్లుగా షెడ్డుకు వచ్చి ఏం చేస్తుందయ్యా అంటే, ఆమె బావ మాటల్లో, "బిల్లులు రాస్తది, చాయ్ పోస్తది."

ఆదిలాబాద్ నుంచి ఓంప్రకాశ్ సేట్ వచ్చి మొత్తం అరవై లక్షలకు కొంటానన్నాడు. మోకాళ్ల నొప్పులతో విసిగిపోయిన సిద్దిరాములు దాదాపు సరే అన్నాడు. అది తగిన ధరేనా అని తేల్చడానికి కరీంనగర్ నుంచి నర్మదను పిలిపించారు. ఇలా సొంతదారుల చేతుల్లో ఉన్న దుకాణాలకూ మిల్లులకూ విలువ కట్టడమే ఆమె వృత్తి. మూడు వారాలు కాయితాలన్నీ తిరగేశాక ఆమె ఒకే ఒక్క ప్రశ్న అడిగింది.

"బాలలక్ష్మి గారు రాకుంటే ఈ షెడ్డు ఎట్ల నడుస్తది?"

"ఆమె నెల రోజులు రాకున్నా నా షెడ్డుల ఒక్క నట్టు ఆగది మేడం!" అని సిద్దిరాములు పడీపడీ నవ్వాడు.

"నెల వద్దు. నాలుగు రోజులు చూద్దాం," అంది నర్మద.

అట్లా బాలలక్ష్మి ఫోన్ బంద్ చేసి, తల్లిని వెంటబెట్టుకుని కొండగట్టుకు వెళ్లిపోయింది. అదీ పోయిన వారం సంగతి.

అయిదో రోజు పొద్దున నర్మద కరీంనగర్‌లో మెట్‌పల్లి బస్సెక్కింది. ఒళ్లో నలభై పేజీల రిపోర్టు. పెట్రోలు బంకులకూ రైస్ మిల్లులకూ ఎన్నిసార్లు విలువ కట్టినా రిపోర్టు పట్టుకుపోతుంటే ఆమెకు ఎప్పుడూ ఇంత హుషారు కలగలేదు. కొండగట్టు స్టేజీ దగ్గర బస్సు ఆగగానే నుదుట సింధూరంతో, చేతిలో ప్రసాదం సంచితో బాలలక్ష్మి ఎక్కింది. తల్లిని ఊరికి పంపేసి వస్తున్నట్టుంది. నర్మదను చూసి ముఖమంతా నవ్వైంది.

"మేడం! జర జరుగుండ్రి." పక్కన కూర్చుని, ముందు ప్రసాదం చేతిలో పెట్టి, తర్వాత తన పరేషాన్ చెప్పుకుంది. "నాలుగు దినాలు ఫోన్ ముట్టలే మేడం. దేవుని ముంగట నిలవడ్డా చెయ్యి కొంగుల ఫోన్ దేవులాడుతనే ఉన్నది. మా అవ్వ తిట్టింది. 'అంజన్నకు మొక్కనీకి వచ్చినవా, ఫోన్‌కు మొక్కనీకి వచ్చినవా' అన్నది."

నర్మద పగలబడి నవ్వింది. "ఇప్పుడు గూడ తియ్యొద్దు. మీటింగ్ అయ్యేదాక ఆగాలె."

"తియ్య, ఒట్టు. గని గింత సీజన్ల నాలుగు దినాలంటె... మా బావ ఎంత ఆగమయిండో ఏమో!"

ఆ మాటలో జాలి ఉంది. ఆ జాలి వెనక రవ్వంత సంబరం కూడా ఉంది. నర్మద ఒళ్లో ఉన్న కాయితాల్లో తన పేరు ఎన్నిసార్లు వచ్చిందో బాలలక్ష్మికి తెలియదు. ఇక్కడే, ఈ బస్సులోనే చెప్పేయాలని నర్మదకు మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ రిపోర్టు అందరి ముందూ చదవాలి, ఒకరికి ముందు చెప్పకూడదు. ప్రసాదం నోట్లో వేసుకుని ఊరుకుంది.

షెడ్డు గేటు దగ్గర రెండు ట్రాక్టర్లు ఒకదానికొకటి అడ్డంగా నిలబడి ఉన్నాయి. ఒకదాని ట్రాలీలో మూడు డ్రమ్ముల బాయిలర్ ఉంది. పోవాల్సిన సరుకు కాదది, పోయి తిరిగొచ్చిన సరుకు. వెల్డింగ్ మేస్త్రీ బుచ్చిరాములు బాలలక్ష్మిని చూడగానే కళ్ల మీది నల్లద్దాలు నెత్తి మీదికి నెట్టి, "వచ్చినవా తల్లీ!" అన్నాడు.

"ఏమైంది కాకా?"

"ఏం గాలే." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏం గాలేదని చెప్పుమన్నడు మీ బావ."

ఆఫీసు గదిలో సిద్దిరాములు ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. గడ్డం మాత్రం నాలుగు రోజుల నాటిది. టేబుల్ మీద చీటీల కుప్ప. ఎదురుగా నల్ల బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఓంప్రకాశ్ సేట్. బుచ్చిరాములు ఏదో పని ఉన్నట్టు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"నాలుగు రోజులు ఎట్ల నడిచింది?" అని అడిగింది నర్మద.

"ఫస్ట్ క్లాస్," అన్నాడు సిద్దిరాములు.

అంతలో టేబుల్ మీది ఫోన్ మోగింది. బాలలక్ష్మి చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. నర్మద వైపు చూసి, కాలిన దానిలా వెనక్కి లాక్కుంది. సిద్దిరాములే తీశాడు. అవతలి గొంతు గదిలో అందరికీ వినబడింది.

"లక్ష్మక్కకియ్యి."

"నేను సిద్దిరాములును మాట్లాడుతున్న."

"ఎర్కే కాకా, మూడుసార్లు మాట్లాడిన నీతోని. రెండు డ్రమ్ములది చెప్తె మూడు డ్రమ్ములది తోలిచ్చినవు. వాపస్ పంపిన. ఇగ నాది ఏడున్నది?"

"బయల్దేరింది కొండల్, బయల్దేరింది. ఫికర్ చెయ్యకు."

"ఏడికి బయల్దేరింది?"

సిద్దిరాములు గుమ్మం వైపు చూశాడు. "కథలాపూర్," అన్నాడు బుచ్చిరాములు, పైకప్పు చూస్తూ.

"నాది మల్లాపూర్ కాకా!" అని ఫోన్ అరిచింది.

బాలలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కుదులుతున్నాయి. సిద్దిరాములు ఫోన్ పెట్టేసి, "సీజన్ గద. గీ టైంల ఎవ్వలకైన అయితది," అన్నాడు.

"పోయిన మూడు సీజన్లల్ల ఒక్కసారి గూడ కాలేదు," అంది నర్మద. "నేను చూసిన."

ఓంప్రకాశ్ సేట్ గడియారం చూసుకున్నాడు. "మేడం, గోష్టి తర్వాత. సీదా ఆకడా, అంకె చెప్పండి. ఎంతకు తేలింది?"

నర్మద రిపోర్టు తెరిచింది. "షెడ్డు, మెషీన్లు, ఇనుప రేకులు, తయారైన సరుకు అన్నీ కలిపితే ముప్పై ఎనిమిది లక్షలు. మిగిలింది మీ పేరు, మీ పనితనం. దాన్ని వచ్చే లాభాన్ని చూసి కట్టాలె. కాని ఇక్కడ లాభం లెక్కల ఒక తప్పున్నది. మీరిద్దరు జీతం తీసుకోకుండ పని చేస్తుండ్రు. రేపు కొనేటాయన మీ జాగల మనుషులను పెట్టుకుంటే జీతం ఇయ్యాల్నా వద్దా? అందుకని మీ ఇద్దరికి మార్కెట్ల ఎంత జీతం వస్తదో రాసి, అది తీసేసిన."

"గట్లనా!" సిద్దిరాములుకు ఇది నచ్చింది. "నాకెంత రాసినవు బిడ్డా?"

"నెలకు నలభై అయిదు వేలు."

ఆయన మీసం మీద చెయ్యి వేసుకున్నాడు. "బాలలక్ష్మికి?"

"డెబ్బై వేలు."

చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. "బిల్లులు రాసేతందుకు డెబ్బయి వేలా?"

"బిల్లులకు కాదు కాకా. రైతులతోని మాట్లాడేదామె. రేకు తెప్పించేదామె. ఏ బాయిలర్ ఏ ఊరికి ఏనాడు పోవాల్నో తలకాయల పెట్టుకునేదామె. ముగ్గురు మనుషుల పని అది. నేను ఒక్కరి జీతమే రాసిన." నర్మద పేజీ తిప్పింది. "ఆఖరి మాట ఇది. బాలలక్ష్మి గారు ఉంటే ఈ వ్యాపారం విలువ కోటి పన్నెండు లక్షలు. లేకుంటే అరవై నాలుగు లక్షలు."

బయట గ్రైండర్ ఆగింది. గుమ్మం దగ్గర బుచ్చిరాములు పక్కన ఇంకో రెండు తలకాయలు కనిపించాయి.

బాలలక్ష్మి నుదుటి మీది సింధూరం చెమటకు జారుతుంటే తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. సిద్దిరాములు ముఖం మాత్రం ఎర్రబడింది.

"అంటే నేనేంది?" అని లేచాడు. మోకాలు కలుక్కుమంటే టేబుల్ పట్టుకున్నాడు. "గీ షెడ్డు ఎవ్వలు కట్టిండ్రు? మొదటి డ్రమ్ము గీ చేతులతోని అతికిన. మా అవ్వ పేరు పెట్టుకున్న. ఇయ్యాల నలభై ఎనిమిది లక్షల ఇలువ నిన్నగాక మొన్న వచ్చిన మనిషిదైతె, నా బతుకంత చిల్లర పైసలా?"

"కూసోండి కాకా. ఒక మాట అడుగుత," అంది నర్మద. ఇట్లా అవుతుందని ఆమెకు ముందే తెలుసు. విలువ కట్టేటప్పుడు ఎక్కడో ఒక చోట మనిషికి దెబ్బ తగులుతుంది. అప్పుడు కాయితం వదిలి మనిషితో మాట్లాడాలి. "నాలుగేండ్ల కింద మీరు ఏడాదికి ముప్పై బాయిలర్లు అమ్మిండ్రు. ఆ తెల్లారి ఏడాది డెబ్బై. ఎందుకు పెరిగింది?"

"నా అతుకు గట్టిది గనుక."

"మీ అతుకు ముప్పై అమ్మినప్పుడు గూడ గట్టిదే. నేను పదకొండు ఊర్లు తిరిగి, రైతులను అడిగిన. ఇబ్రహీంపట్నం కాడ ఒక చేన్ల కూలీకొచ్చిన సత్తమ్మ అని ఒకామె చెప్పింది. వేరే బాయిలర్లకు, ఉడికిన పసుపు కిందికి పొయ్యనీకి డ్రమ్ము వంచే హ్యాండిల్ నెత్తికంటె ఎత్తుల ఉంటదట. ఆడోళ్లు ఇటుకలేసుకుని నిలవడి, వేడి వేడి డ్రమ్ము వంచాలె. కాలు జారితే అంతే. పోశవ్వ బాయిలర్‌కు హ్యాండిల్ నడుం ఎత్తుల ఉన్నది. 'పోశవ్వ బాయిలరున్న చేనుకే వస్తం, లేకుంటె రాం' అంటున్నరు కూలీలు. సీజన్ల కూలీలు రాకుంటే రైతు ఏం చెయ్యాలె? మీ బాయిలరే కొనాలె."

సిద్దిరాములు నెమ్మదిగా బాలలక్ష్మి వైపు తిరిగాడు.

"గా హ్యాండిల్... నువ్వే గద కిందికి పెట్టుమన్నది?"

"నేనే బావా," అంది బాలలక్ష్మి సన్నగా. "చేన్ల చూసొచ్చి చెప్పిన. మీరు వద్దన్నరు. అందం పోతదన్నరు."

"అన్న. వారం రోజులు నీతోని మాట్లాడలే గూడ."

"పది రోజులు," అన్నాడు గుమ్మంలోంచి బుచ్చిరాములు.

ఎవరో కిసుక్కుమన్నారు. సిద్దిరాములు కుర్చీలో కూర్చున్నాడు. టేబుల్ మీది చీటీల కుప్పను కాసేపు చూశాడు. తన చేతిరాతే, కాని ఏది మల్లాపూరో ఏది కథలాపూరో తనకే తెలియదు. అప్పుడు ఆ పెద్దమనిషి ముఖంలో కోపం కరిగి, దాని కింద నుంచి నవ్వు మొదలైంది. ముందు ముక్కులో, తర్వాత గొంతులో, ఆఖరికి పొట్ట ఊగేలాగ.

"అసలు సంగతి చెప్తున్న మేడం, రాసుకో," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "నాలుగు దినాల్ల ముగ్గురు రైతులతోని లొల్లి. రేకు లారీ వస్తే పైసలు ఎవ్వల ఖాతాకు వెయ్యాల్నో తెల్వక వాపస్ తోలిన. మొన్నటి సంది చాయ్ గూడ సక్కగ తాగలే. రెండో దినమే కొండగట్టు పోయి కాళ్లు మొక్కి తోల్కరావాల్ననుకున్న. ఇజ్జత్ అడ్డమొచ్చింది." ఆయన బాలలక్ష్మి ముఖంలోకి నేరుగా చూశాడు. "పదకొండేండ్లాయె బిడ్డా. ఒక్క నెల జీతమన్న నీ పేరు మీద రాయలే. ఇంట్ల మనిషే గద అనుకున్న. తప్పు నాదే."

బాలలక్ష్మి తల వంచుకుంది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. నర్మద అవసరం లేకపోయినా ఒక పేజీ తిప్పింది.

"బరోబర్!" ఓంప్రకాశ్ సేట్ చప్పట్లు కొట్టాడు. వ్యాపారి కదా, గాలి ఎటు తిరిగిందో అందరికంటే ముందు పసిగట్టాడు. "మేడం మాట నాకు మంజూరు. కోటి పది ఇస్తా. షరతు ఒకటే. ఈ తాయి, ఈ అక్క, అయిదేళ్లు నా దగ్గర పని చెయ్యాలి. జీతం డెబ్బై కాదు, ఎనభై."

అందరూ బాలలక్ష్మిని చూశారు. ఎనభై వేలు! మస్కట్‌లో లక్ష్మణ్ సంపాదన కూడా అంత లేదు. ఆమె ఆ అంకెను ఒకసారి పెదవుల మధ్య తిప్పుకుని, రుచి చూసినట్టు చూసి, "సేట్, షెడ్డు మీదైనంక హ్యాండిల్ ఎంత ఎత్తుల పెట్టాల్నో ఎవ్వలు చెప్తరు?" అని అడిగింది.

"కంపెనీలో ఇంజినీర్లు ఉన్నారు కదా."

"వాళ్లు ఎన్నడన్న వేడి డ్రమ్ము వంచిండ్రా?"

సేట్ ఒళ్లోని బ్యాగు సర్దుకున్నాడు.

"నాకు జీతం వద్దు సేట్. మా సగం మేము అమ్మం," అంది బాలలక్ష్మి. ఆ మాట ఆమె నోటి నుంచి వచ్చిన తీరుకు బుచ్చిరాములు వెనక ఉన్నవాళ్లు కూడా సర్దుకుని నిలబడ్డారు.

ఓంప్రకాశ్ సేట్ కోపగించుకోలేదు. ఒళ్లోని నల్ల బ్యాగు తెరిచి, ఒక కవరు తీసి టేబుల్ మీద పెట్టాడు. "తాయీ, ఆ సగం మీ పేరు మీద లేదు. లక్ష్మణ్ భాయ్ పేరు మీద ఉంది. ఆయన సంతకం మొన్ననే కొరియర్‌లో వచ్చింది."

బాలలక్ష్మి కవరు వైపే చూసింది. ఫోన్ బంద్ పెట్టిన నాలుగు రోజుల్లో ఇంత జరిగిందా? ఆయన ఒక్క మాటైనా అడగకుండా సంతకం ఎట్లా పెట్టాడు?

నర్మద మనసు గబగబా పార్ట్‌నర్‌షిప్ కాయితం మీదికి పోయింది. ఒక భాగస్తుడు తన వాటా బయటివాళ్లకు అమ్మాలంటే రెండో భాగస్తుడు ఒప్పుకోవాలి. అంటే ఇప్పుడంతా సిద్దిరాములు చేతిలో ఉంది. సేట్‌కు అది తెలుసు. అందుకే పెన్ను మూత తీసి మరీ ఆయన ముందు పెట్టాడు.

"మీ సంతకం ఒక్కటే బాకీ భాయ్. ధర జాగా ఖాళీగా ఉంది, కోటి పది రాస్తా."

సిద్దిరాములు కవరు అందుకున్నాడు. మోకాలు రాసుకున్నాడు. కాయితాలు బయటికి తీసి, తను చదవకుండానే మరదలి చేతిలో పెట్టాడు.

"నువ్వు చదువు. పెట్టుమంటె పెడ్త. వద్దంటె గీ పెన్ను గూడ ముట్ట."

బాలలక్ష్మి పేజీలు తిప్పింది. అంతా ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. ఆఖరి పేజీలో భర్త సంతకం. ఆ సంతకం కింద నీలం సిరాతో, తనకు బాగా తెలిసిన గుండ్రటి తెలుగు రాత, రెండు వరుసలు. ఆమె చదివింది. మళ్లీ చదివింది. ఉన్నట్టుండి ఆమె ముఖం తెల్లవారినట్టు వెలిగింది.

"సేట్, గిది మీరు చదివిండ్రా?"

సేట్ వంగి చూశాడు. ఆదిలాబాద్‌లో మరాఠీ బడిలో చదువుకున్న మనిషి. తెలుగు మాట్లాడతాడే గాని చదవలేడు. "అది... ఇంటి అడ్రస్ కదా?"

"అడ్రస్ కాదు. మేడం, మీరే చదువుండ్రి. నేను చదివితే నమ్మరు."

నర్మద కాయితం తీసుకుని పైకి చదివింది. "'సేట్ రోజూ ఫోన్ చేస్తుంటే సంతకం పెట్టిన. కాని నా సగం అమ్మాల్నా వద్దా అన్నది నా భార్య బాలలక్ష్మి మాట. ఆమె సరే అంటేనే ఈ సంతకం చెల్లుతది.'"

గుమ్మంలో పెద్ద కేక లేచింది. బుచ్చిరాములు చేతిలోని స్పానర్‌తో రేకు తలుపును గంటలా కొట్టాడు. ఓంప్రకాశ్ సేట్ నోరు వెళ్లబెట్టి ఆ గుండ్రటి అక్షరాలను చూస్తూ ఉండిపోయి, తర్వాత తనే తల కొట్టుకుని నవ్వేశాడు. "అరే బాప్ రే! నా బ్యాగులో నేనే మోసుకొచ్చినానా!"

బాలలక్ష్మి ప్రసాదం సంచి విప్పి అందరికీ పంచింది, మొదట సేట్‌కే పెట్టింది. తర్వాత బావ ఎదురుగా వచ్చి కూర్చుంది. పదకొండేళ్లలో ఆయన ముందు ఆమె కుర్చీ లాక్కుని కూర్చోవడం అదే మొదటిసారి.

"మా సగం మా కాడనే ఉన్నది. ఇగ మీ మోకాళ్లకు రెస్టు కావాలె గద," అంది. "మీ సగం నాకు ఎంతకిస్తరు బావా?"

నర్మద గబగబా క్యాలిక్యులేటర్ తీసింది. సిద్దిరాములు చాలాసేపు షెడ్డు వైపు చూశాడు. ఆ తర్వాత ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ తన ధర చెప్పాడు. "గీ చేతుల అతుకు నా కాడ నేర్సుకో, నువ్వొక్కదానివే మొదటి డ్రమ్ము అతికిననాడు నా సగం నీదే బిడ్డా."

అందులో రూపాయి అన్న మాట లేదు. నర్మద క్యాలిక్యులేటర్‌ను తిరిగి బ్యాగులో పెట్టేసుకుంది. బుచ్చిరాములు స్పానర్ కింద పెట్టాడు. బాలలక్ష్మి కొంగు నడుముకు దోపుకుంది.

"సరే బావా," అంది. "ఇయ్యాల్నే మొదలువెడ్దాం."